ఏడో నంబరు గ్లాసు

జనవరి 22, గురువారం

వైన్ రుచి కమిటీలో ఈరోజు పదకొండు గ్లాసులు. అయిదు బార్బేరా, మూడు ఫ్రేయిజా, మూడు గ్రిన్యోలీనో, అన్నీ ఈ కొండల ద్రాక్షలే. మొదలుపెట్టే ముందు నీవెస్ ఎప్పటిలాగే అడిగింది: "ఇక్కడున్న వైన్లలో ఏదైనా ఎవరిదో ఎవరికైనా తెలుసా? తెలిస్తే లేచి వెళ్ళిపోవాలి." ఎవరమూ లేవలేదు. ఆ అమ్మాయి నా దగ్గర చదువుకున్నప్పుడు ఇంత గట్టి గొంతు ఉండేది కాదు. అధ్యక్షురాలయ్యాక వచ్చింది.

బార్బేరాలకి వంక పెట్టడానికి ఏమీ లేదు. నల్లగా, నున్నగా, అన్నీ ఒక్క దర్జీ కుట్టిన చొక్కాల్లా ఉన్నాయి. పాస్ చేశాం. రెండో ఫ్రేయిజా బాగుంది, అడవి పండ్ల వాసన, నాలుక చివర చిన్న పులుపు.

ఏడో నంబరు ఆపేశాం. గ్రిన్యోలీనో. రంగు మరీ పలచన, ఎర్ర ఉల్లిపొరకి దగ్గర. వగరు ఎక్కువ. నేను రాసింది: "రంగు చాలదు. విత్తు కొరికిన వగరు. సరిచేసి మళ్ళీ పంపాలి." మిగతా నలుగురిలో ముగ్గురు నావైపే. నీవెస్ నా వాక్యాన్నే రైతుకి వెళ్ళే ఉత్తరంలోకి ఎక్కించమని గుమస్తాకి ఇచ్చింది.

"మాస్టారు రాశాక మేం రాయడానికి ఇంకేం మిగుల్తుంది?" అంది.

నంబర్లకి ముఖాలుండవు. అందుకే కదా నంబర్లు పెట్టింది.

భోజనం: నాలుగు బ్రెడ్డు పుల్లలు, ఒక జున్ను ముక్క. నోరు అలిసిపోయింది.

జనవరి 23

ఏడో నంబరు ఎవరిదో నాకు తెలియదు. తెలిసే వీలు కూడా లేదు.

జనవరి 25, ఆదివారం

పెలవెర్గా వైన్ ఒక సీసా తెరిచాను. మిరియాల వాసన, లేత రంగు. మూడు గుక్కలు రుచి చూసి సింకులో ఉమ్మేశాను. మిగతాది అలాగే ఉంది. నా భార్య ఇనెస్ బతికుంటే, "ఇంట్లో కూడా ఉమ్ముతావేం, ఇది నీ ఆఫీసా?" అనేది. ఆమె పోయి నాలుగేళ్ళు. సింకుకి మాత్రం అలవాటైపోయింది.

ఈ మొన్‌ఫెర్రాతో కొండల్లో గ్రిన్యోలీనో వేసేవాళ్ళు ఇంకా ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టాను. మా కమిటీకి పంపేవాళ్ళు పద్దెనిమిది మంది. మా అక్క దెల్ఫీనా వాళ్ళలో ఒకతె. ఈ నెలలోనే పంపుతుందనుకుంటా. పంపితే పంపుతుంది. మేం మాట్లాడుకుని పదకొండేళ్ళు.

జనవరి 29, గురువారం

మాంసం కొట్టుకి వెళ్ళాను. కొట్టు నడిపే సెకొందో వారానికొకసారి, మంగళవారం, బండి వేసుకుని సాన్ గ్రాతో కొండ మీదికి వెళ్ళి అమ్ముకొస్తాడు. అక్క ఉండేది అక్కడే, నాన్న ఇంట్లో. నాకు సలామీ కోస్తూ, తల ఎత్తకుండా, మొదలుపెట్టాడు.

"మీ అక్కకి ఉత్తరం వచ్చిందన్నా."

"ఏం ఉత్తరం?"

"అదేంటి, మీకు తెలీదా? కమిటీవాళ్ళు ఆవిడ వైన్ ఆపేశారంట. రంగు చాలదంట. ఇంకేదో విత్తులు కొరకడమంట. నాకర్థం కాలేదు, నేను పందుల మనిషిని."

"అక్కడ నంబర్లే ఉంటాయి సెకొందో. పేర్లుండవు."

"నేనూ అదే అన్నా. 'మీ తమ్ముడికేం తెలుసమ్మా, ఆయన ముందు గ్లాసులే కదా పెట్టేది' అన్నా. ఆవిడ నవ్వింది. మీ అక్క నవ్విందంటే నాకు భయమన్నా. కత్తి నా చేతిలోనే ఉందా అని చూసుకుంటా."

కాగితంలో చుట్టి ఇచ్చాడు. నేను డబ్బిచ్చి కదలబోతే, "ఆగండి, ఒక్క మాట అడిగి రమ్మంది" అన్నాడు.

"ఏంటి?"

"గుర్తుపట్టావా లేదా. అంతే. ఇంకో ముక్క కలపొద్దు అని కూడా చెప్పింది."

కొట్టులో ఇంకో ఇద్దరు ఆడవాళ్ళున్నారు. ఇద్దరూ గోడకి వేలాడుతున్న పంది కాళ్ళని మహా శ్రద్ధగా చూస్తున్నారు.

"లేదని చెప్పు" అన్నాను.

జనవరి 30

ఉన్న మాటే చెప్పాను. పదకొండు గ్లాసులు, పదకొండు నంబర్లు.

ఫిబ్రవరి 1, ఆదివారం

గ్రిన్యోలీనో పండులో విత్తులెక్కువ. వేరే ద్రాక్షలో రెండుంటే దీనిలో మూడో నాలుగో ఉంటాయి. గట్టిగా పిండితే విత్తు చిట్లి వగరు దిగుతుంది. అందుకని నాన్న పిండే మర దగ్గర మమ్మల్ని నిలబెట్టి, "మెల్లగా, మెల్లగా, విత్తు కొరక్కు" అని అరిచేవాడు. అక్కకి పదమూడేళ్ళు, నాకు తొమ్మిది. ఆవిడ చేతులకి తొందర తెలియదు. నాకు చెప్పీ చెప్పీ విసిగి, చివరికి బుట్టలు కడగమని పంపేసేవాడు.

ఆ మాట మా ఇంటి సొత్తేం కాదు. ఈ కొండల్లో ఎవరైనా అంటారు.

ఎవరైనా అనగా విన్నానా అని ఆలోచించాను. వినలేదు.

ఫిబ్రవరి 5, గురువారం

సెకొందో వార్త తెచ్చాడు. "లేదన్నాడు" అని చెప్పగానే అక్క అడిగిన మాంసం కూడా తీసుకోకుండా లోపలికెళ్ళి తలుపేసుకుందట. వీడు బండి దగ్గర పావుగంట నిలబడ్డాడట. తర్వాత బయటికొచ్చి, ఆ వైన్‌నే మార్చకుండా మళ్ళీ పంపుతున్నానని చెప్పిందట. ఈసారి కూడా ఆపేస్తే తోట మొత్తం పీకించేసి హేజెల్‌నట్ మొక్కలు వేయిస్తుందట.

"చెట్లు పెరికే మిషను వాడికి నా ముందే ఫోన్ చేసిందన్నా. మార్చి నెలాఖరున ఖాళీగా ఉంటావా అని."

రెండోసారి ఆపేస్తే జరిగేది నాకు తెలుసు. సీసా మీద గ్రిన్యోలీనో అని రాయకూడదు, కొండ పేరు రాయకూడదు. ఎర్ర వైన్ అని రాసుకోవాలి. నాన్న నాటిన చెట్లు. పెద్దవాటికి అరవై ఏళ్ళు దాటాయి.

పదకొండేళ్ళ కింద నేనే పీకించమన్నాను. మిలాన్ హోటళ్ళవాళ్ళు నల్లగా ఉంటేనే కొంటారు, బార్బేరా వెయ్యి అన్నాను. ఇప్పుడు పీకిస్తానంటే నాకు సంతోషంగా ఉండాలి.

ఫిబ్రవరి 10, మంగళవారం

ఉదయమే సెకొందో బండికి అడ్డం పడి కబురు పంపాను. దీనికి మందు చిన్నది: వందకి అయిదు పాళ్ళు ఫ్రేయిజా కలిపితే చాలు, రంగు వస్తుంది, నిబంధనలు ఒప్పుకుంటాయి, ఎవరికీ తెలియదు.

సాయంత్రం జవాబు: "రంగు కావాలంటే వాడి ఇంటి గోడకి వేసుకోమను."

సెకొందో ఆ మాట చెప్పడానికి మెట్లెక్కి నా తలుపు దాకా వచ్చాడు. వాడికి ఈ మధ్య మాంసం కంటే మేమే ఎక్కువ గిట్టుబాటవుతున్నాం.

ఫిబ్రవరి 11

పదకొండేళ్ళ కిందటి ఆ భోజనం సంగతి రాసేస్తాను. నాకోసమే రాసుకుంటున్నప్పుడు దాచిపెట్టి ఏం లాభం.

నాన్నని మట్టిచేసి వచ్చాక ఇంట్లో పెద్ద బల్ల దగ్గర కూర్చున్నాం, ఇరవైమంది దాకా. అక్క మాంసం కూరిన అన్యోలొత్తి పిండిముద్దలు చేసింది, ఉడకబెట్టిన ఎద్దుమాంసం, పచ్చసాస్. నాన్న ఆఖరి ఏడాది చేసిన గ్రిన్యోలీనోని నేలమాళిగ నుంచి పైకి తెచ్చి అందరికీ తనే పోసింది. నేను గ్లాసు తిప్పాను. వాసన చూశాను. ఒక గుక్క నోట్లో పోసుకుని పుక్కిలించి, పక్కనున్న ఖాళీ నీళ్ళ గ్లాసులో ఉమ్మేశాను.

అలవాటు. రోజుకి ముప్ఫై, నలభై రుచి చూసే మనిషిని. నోటికి వైన్ తగిలితే ఉమ్మడమే తెలుసు. అది ఏ బల్ల, ఎవరి వైన్ అనే ఆలోచన నోటిదాకా రాలేదు.

అంతటితో ఆగినా బాగుండేది. ఆగలేదు. "రంగు చాలదు" అన్నాను, పైకే. తర్వాత బార్బేరా మాట కూడా ఎత్తాను.

అక్క గరిటె పట్టుకుని నిలబడి ఉంది. నీళ్ళ గ్లాసు తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. నేను బయల్దేరేటప్పుడు గుమ్మం దాకా రాలేదు. ఆ తర్వాత నేనూ వెళ్ళలేదు. క్షమించమని అడగడానికి మొదటి వారం సిగ్గేసింది. రెండో నెలకి కోపం వచ్చింది. ఒక గుక్కకి ఇంత పగా అని. ఆ కోపం నాకు చాలా ఏళ్ళు పనికొచ్చింది.

ఫిబ్రవరి 12

నేను గుర్తుపట్టలేదు.

ఫిబ్రవరి 14, శనివారం

కొట్టులో వేరే రైతు గ్రిన్యోలీనో ఒకటి కొన్నాను. ఇంటికొచ్చి కమిటీలో చేసినట్టే చేశాను. తెల్ల గుడ్డ, మంచినీళ్ళు, ఏ తిండీ లేదు. రంగు పలచన. వగరు. చిగుళ్ళు బిగుసుకుపోయాయి. ఇదీ ఆపేసేవాడినే.

తర్వాత సెకొందో సలామీ ఉడికించాను, వెచ్చగా, కొవ్వు ఓడుతూ. ఒక ముక్క తిని, మళ్ళీ ఒక గుక్క. కొవ్వుని అదే వగరు తుడుచుకుపోయింది. నోరు శుభ్రమై ఇంకో ముక్క అడిగింది. గ్లాసులో ఎక్కడుందో ఇంతసేపూ కనబడని ఎండు గులాబి వాసన పైకి వచ్చింది. మళ్ళీ ఒక ముక్క, మళ్ళీ ఒక గుక్క. బార్బేరా కూడా తీసి చూశాను. పక్కన సలామీ పెట్టగానే అదీ సలామీ కలిసి నోట్లో బరువుగా కూర్చున్నాయి.

ఇది నాకు కొత్త విషయం కాదు. ఈ కొండల్లో పుట్టినవాడికి ఎవరికీ కొత్త కాదు. ఇది బల్ల మీద, తిండి పక్కన బతికే వైన్. మేం దాన్ని తెల్లగుడ్డ మీద ఒంటరిగా నిలబెట్టి, నీకు మర్యాద లేదంటాం. ఇరవై రెండేళ్ళుగా నేను నింపుతున్న కాగితంలో తిండి అనే గడి లేదు. అడగాలని ఒక్కసారీ తోచలేదు.

అరసీసా అయిపోయింది. మింగాను. సింకు దాకా వెళ్ళాలనిపించలేదు.

ఫిబ్రవరి 16, సోమవారం

నీవెస్ ఫోన్. "మాస్టారూ, వచ్చే సోమవారం పది గంటలకి. రెండోసారి వచ్చినవి అయిదున్నాయి. మీరుంటే త్వరగా తేలిపోతుంది."

వస్తానన్నాను.

ఆ అమ్మాయి ప్రశ్న అడిగేది రుచి చూడకముందు. తర్వాత అడగదు. తర్వాత తెలిస్తే ఏం చెయ్యాలో ఏ నిబంధనలోనూ లేదు. ఉండాల్సింది.

ఫిబ్రవరి 18, బుధవారం

నిర్ణయించుకున్నాను. సోమవారం ఆ వైన్ వస్తే పాస్ చేస్తాను. నేను పాస్ అంటే ముగ్గురైనా అంటారు. చెట్లు మిగుల్తాయి. ఇద్దరికీ సరిపోతుంది, ఇక ఎవరూ ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు.

మనసు తేలికైంది.

ఫిబ్రవరి 19

సోమవారం ఆ వైన్ వస్తే, అని రాశాను. ఏ నంబరుతో వస్తుందో తెలియదు. వచ్చినా నాకెలా తెలుస్తుంది? నేను గుర్తుపట్టలేదు కదా.

ఆ వాక్యం కొట్టెయ్యలేదు.

ఫిబ్రవరి 20, శుక్రవారం

సెకొందో ఈసారి గుమ్మంలోంచే అరిచాడు.

"అన్నా, ఆదివారం మధ్యాహ్నం భోజనానికి రమ్మంది!"

"ఎవరు?"

"పోప్ గారు. ఇంకెవరు, మీ అక్క! నిన్న నా కొట్టుకి ఫోన్ చేసి మరీ చెప్పింది. బాన్యా కావుదా చేస్తుందంట. మొన్న మంగళవారమే వెల్లుల్లి నాతో తెప్పించుకుంది. మనిషికొక గడ్డ చొప్పున వేస్తుందో, రెండేస్తుందో, సంచి మాత్రం బరువుగా ఉంది."

"సోమవారం నాకు కమిటీ."

"ఆవిడకి తెలుసు."

"వెల్లుల్లి తింటే కూర్చోనివ్వరు."

"అది నాకే తెలుసు, ఆవిడకి తెలీదా?"

అందరికీ తెలుసు. వెల్లుల్లి, ఉప్పుచేప, నూనె కలిపి కాచిన ఆ కుండలో ముంచుకుని తిన్నవాడి పక్కన రెండు రోజులు ఎవరూ నిలబడలేరు. ఒకసారి ఒకాయన పాలు తాగి, కొత్తిమీర నమిలి, కాఫీగింజలు చప్పరించి వచ్చాడు. నీవెస్ ఆయన్ని తలుపు దగ్గరే ఆపేసి ఇంటికి పంపింది.

అంటే నన్ను ఆ గదిలోంచి తీసెయ్యాలని. పాస్ చేద్దామనుకున్న ఒక్కడినీ. ఏం మనిషి!

ఫిబ్రవరి 22, ఆదివారం. సాయంత్రం అయిదు

వెళ్ళాను.

తలుపు తీసి పైనుంచి కిందికి చూసింది. జుట్టు పూర్తిగా తెల్లబడింది. మోకాలు సరిగా లేదు, గోడ పట్టుకుని నడుస్తోంది. పదకొండేళ్ళ తర్వాత మొదటి మాట:

"కాళ్ళు తుడుచుకుని రా. ఇల్లు ఇందాకే కడిగాను."

బల్ల మీద చిన్న మంట మీద మట్టికుండ మరుగుతోంది. చుట్టూ పచ్చి కూర కాడలు, క్యాబేజీ, కాల్చిన బీట్‌రూట్, ద్రాక్షపిప్పిలో ఊరేసిన మిరపకాయలు. ఇద్దరికీ పళ్ళాలు. ఇద్దరికీ ఒక్కొక్క గ్లాసు. నీళ్ళ గ్లాసు లేదు. నేను వెతుకుతున్నానని చూసింది.

"నీళ్ళు కావాలంటే పెరట్లో కొళాయి ఉంది."

"వద్దులే."

కూర్చున్నాం. ఆవిడ కాడ ఒకటి ముంచి, కింద బ్రెడ్డు ముక్క పట్టుకుని, చుక్క పడకుండా తింది. నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

"రేపు కూర్చోవాలి కదూ నువ్వు?"

"కూర్చోవాలి."

"ఇది తింటే గెంటేస్తారు."

"గెంటేస్తారు."

"మరి?"

"నేను కూర్చుంటే పాస్ చేస్తానక్కా" అన్నాను.

ఆవిడ నమలడం ఆపింది. "తెలుసు. అందుకే పిలిచాను. నువ్వు దయతలిచి పాస్ చేసిన సీసా మీద నాన్న కొండ పేరు నేను రాసుకోను. నువ్వు లేకుండా వాళ్ళు రుచి చూసి ఏదంటే అదే."

"మళ్ళీ ఆపేస్తేనో?"

"ఆపేస్తే నా చెట్లు, నా ఇష్టం. అది నా పని. నీ పని తినడం. తింటావా, చల్లార్చుకుంటావా?"

మిరపకాయ తీసి ముంచాను. ఉప్పు, నూనె, తియ్యగా మెత్తబడ్డ వెల్లుల్లి. కళ్ళు చెమర్చాయి. వెల్లుల్లి వల్లే. ఆవిడ సీసా తీసి నా గ్లాసులో పోసింది. ఉల్లిపొర రంగు. నేను తిప్పలేదు. ముక్కు దగ్గర పెట్టుకోలేదు. తిన్నగా తాగాను.

నూనె మీదుగా ఆ వగరు చీపురుతో ఊడ్చినట్టు వెళ్ళింది. వెనకాలే తెల్లమిరియం, ఎండు గులాబి. ఆ వెనక, చల్లగా, మా నేలమాళిగ గోడ. నాన్న ఆ సుద్దరాయిని స్వయంగా తొలిచాడు, ఆ తడి ఇంకే రాయికీ లేదు. ఉప్పుచేప పక్కన అది ఎంత బాగుందో రాయడానికి నా దగ్గర మాటల్లేవు. నా ఇరవై రెండేళ్ళ మాటలన్నీ ఉమ్మేసిన వాటికి రాసినవి.

తలెత్తితే అక్క నా గొంతు వైపే చూస్తోంది.

"మింగావా?"

"మింగాను."

"ఊఁ" అంది. కాడలు నా వైపు జరిపింది.

చివర్లో కుండ అడుగున రెండు గుడ్లు కొట్టి కలిపింది. చిన్నప్పుడు దానికోసం జుట్లు పట్టుకునేవాళ్ళం. మాడిన అంచు నాకే గీకి పెట్టింది. నేనడిగానని కాదు, ఎప్పుడూ నాకదే ఇష్టం.

మళ్ళీ అడుగుతుందేమోనని ఎదురుచూశాను. గుర్తుపట్టావా అని. అడిగితే చెప్పేసేవాణ్ణి. అడగలేదు. ఒకసారి లేదన్నవాణ్ణి మళ్ళీ ఎవరడుగుతారు? అడక్కుండా చెప్పడానికి నోరు రాలేదు. ఈసారి గుమ్మం దాకా వచ్చింది. నేను బస్సెక్కాక రెండు వరసలు ముందుకి వెళ్ళి కూర్చున్నారు తోటివాళ్ళు.

ఫిబ్రవరి 23, సోమవారం

పదింటికి వెళ్ళాను. నీవెస్ తలుపు తీసి, రెండడుగులు వెనక్కి వేసి, చేత్తో ముక్కు మూసుకుంది.

"మాస్టారూ! మీరా? ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి కూడా..."

"నిన్న భోజనానికి పిలిచారు."

"రాత్రంతా పాలు తాగినా పోదు ఇది. వెళ్ళండి, వెళ్ళండి, గదిలోకి అడుగు పెట్టకండి. మేం నలుగురం చూసుకుంటాం."

ఎందుకు తిన్నారని అడుగుతుందేమో అనుకున్నాను. కారణం వెల్లుల్లి, అంతే, ఎవరికీ అనుమానం రాదు. ఇంత సులువుగా ఎప్పుడూ తప్పించుకోలేదు. మెట్లు దిగుతుంటే అదే మనసుకి బాగాలేదు.

ఫిబ్రవరి 27

ఏ కబురూ లేదు.

మార్చి 3

ఏ కబురూ లేదు. మంగళవారం కదా, సెకొందో కొండ మీది నుంచి వచ్చేదాకా రోడ్డు మీద నిలబడ్డాను. అక్క పంది చెవులు కొందట, వేరే ఏమీ అనలేదట.

మార్చి 6, శుక్రవారం

అక్క నుంచి ఫోన్. సెకొందో ద్వారా కాదు, తనే.

"ఉత్తరం వచ్చింది. విప్పలేదు. ఆదివారం రా. పాత బట్టలు వేసుకుని రా, తీగలు కట్టాలి. నా మోకాలు వంగట్లేదు."

"విప్పి చూడొచ్చు కదక్కా!"

"నువ్వు వచ్చి చదువు. ఆ భాష నీకే అర్థమవుతుంది" అని పెట్టేసింది.

మార్చి 8, ఆదివారం

వెళ్ళేసరికి ఉత్తరం బల్ల మీద ఉంది, ఉప్పు డబ్బా కింద. కత్తితో చింపాను. ఆవిడ చూడనట్టు బ్రెడ్డు కోసుకుంటోంది.

"పాస్" అన్నాను. "నలుగురిలో ముగ్గురు."

ఆవిడ కత్తి ఆగలేదు. సంతోషించినట్టు కూడా లేదు. మిగతా బ్రెడ్డు కూడా కోసి, వచ్చి నా భుజం మీదుగా కాగితం చూసింది.

"కారణం అని ఉంది. అక్కడేం రాయలేదేం?"

"పాసైతే ఏమీ రాయరు."

"అదేంటి? బాగోలేదని చెప్పడానికి అన్ని మాటలొస్తాయి, బాగుందని చెప్పడానికి ఒక్కటీ రాదా మీకు?"

ఇరవై రెండేళ్ళు. ఆ ఖాళీ గడి కొన్ని వేల సార్లు నా చేతిలోంచే వెళ్ళింది. జేబులో పెన్ను ఉంది. తీశాను. ఆ గడిలో రాశాను: "గుర్తుపట్టాను. జనవరిలోనే."

కాగితం ఆవిడ వైపు జరిపాను. కళ్ళద్దాలు వెతికి పెట్టుకుంది. చదివింది. మళ్ళీ చదివింది.

ఇక ఆగలేకపోయాను. "గ్లాసు ముక్కు దగ్గరికి రాగానే తెలిసిపోయిందక్కా. మన నేలమాళిగ గోడ వాసన. లేచి వెళ్ళిపోవాల్సింది. కూర్చున్నాను. కూర్చుని, ఆ మాట రాశాను. అందరూ అక్క వైన్ కదా అని పాస్ చేశాడంటారేమో, అందుకని కఠినంగా ఉన్నాననుకున్నాను. అది కూడా అబద్ధమే. కోపంతో రాశాను. నువ్వు ఆ నీళ్ళ గ్లాసు తీసుకెళ్ళిపోయిన రోజు నుంచి ఉన్న కోపం."

అరుస్తుందనుకున్నాను. కుర్చీ లాక్కుని నెమ్మదిగా కూర్చుంది, మోకాలు చేత్తో పట్టుకుని.

"కోపంతో రాశావని నాకు తెలీదా? విత్తు కొరకడం అని ఈ భూమ్మీద ఇంకెవడు రాస్తాడు?"

"మరి ఎందుకడిగి పంపావు?"

"నువ్వు అవునంటావని పంపాను రా! నువ్వేమో లేదన్నావు." గొంతు మారింది. "ఆ రోజు నుంచి నాకు నిద్ర లేదు. కోపంతో ఆపాడంటే ఆపనీ, మన కోపాలు మనకి కొత్తా? కానీ నువ్వు లేదనేసరికి... ఏమో, నిజంగానే తెలియలేదేమో వీడికి. గ్లాసు ముక్కుకి ఆనించుకుని కూడా నాన్న గోడ తెలియలేదేమో. నాకు పిల్లల్లేరు, నీకు లేరు. నీకు కూడా తెలియకపోతే ఇక తెలిసేవాళ్ళెవరు మిగిలారు? ఎవరికోసం చెయ్యాలది?"

"అందుకా మిషను వాడికి ఫోన్ చేసింది?"

"మరి! ఆ కమిటీ ముండాకాగితం చూసి చేశాననుకున్నావా? వాళ్ళు పాస్ చేసినా పీకించేదాన్నే."

కళ్ళద్దాలు తీసి పైటగుడ్డలాంటి ఆ పాత ఆప్రాన్ అంచుతో తుడుచుకుంది. నేను ఏడ్చాను. ఈసారి వెల్లుల్లి లేదు.

"రేపు నీవెస్ దగ్గరికి వెళ్ళి చెప్తాను. గుర్తుపట్టి కూర్చున్నానని. నన్ను తీసేస్తారు."

"తీసెయ్యనీ. ఉమ్మింది చాలదా?" అంది. ఫోన్ దగ్గరికి వెళ్ళి మిషను వాడికి మార్చి నెలాఖరున రావద్దని చెప్పింది. ఎందుకని వాడు అడిగినట్టున్నాడు, "మా తమ్ముడు వచ్చాడు" అంది, అదే కారణమైనట్టు.

తర్వాత తోటలోకి వెళ్ళాం. నానబెట్టిన విల్లో పుల్లలు నడుముకి చెక్కుకుని, వంచిన ప్రతి తీగనీ కమ్మీకి కట్టుకుంటూ మూడు వరసలు నడిచాను. అక్క చిన్న పీట ఈడ్చుకుంటూ నా వెనకే వచ్చింది. నేను కట్టిన ప్రతి ముడినీ విప్పి, "వదులు, ఇదీ వదులే" అని గొణుక్కుంటూ మళ్ళీ కట్టింది.